పేరు రాయని ఒక్క పాట

విడవలూరులో కాపురముంటున్న, కీర్తిశేషులు జడ్సన్ గారి కుమారుడు దారా గిద్యోను అను నేను, వయసు అరవై తొమ్మిది, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. ఒంట్లో షుగరు ఉంది, తలలో తికమక లేదు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. దీన్ని అమలు జరిపే బాధ్యత రిటైర్డ్ టీచరు పరంజ్యోతి గారికి అప్పగిస్తున్నాను.

1. నన్ను నా భార్య జయశీల పక్కనే సమాధి చేయాలి. అక్కడ కీబోర్డు వాయించకూడదు.

2. నా పెంకుటిల్లు అన్న కూతురు అబిగయీలుకు సర్వహక్కులతో చెందాలి. అన్నకు ఏమీ రాయలేదు. నా రికార్డింగు షాపును నలుగురిలో డబ్బా కొట్టు అన్నాడు, అది నేను మరిచిపోలేదు.

3. ముప్పై ఏళ్లు ఈ తీరపు చర్చిల్లో నేను రికార్డు చేసిన 1,126 పాటల హార్డ్ డిస్కు కూడా అబిగయీలుదే. ప్రతి ఫైలు లోపల పాడినవారి పేరు, ఊరు, తేదీ టైపు చేసి ఉంచాను. వాటిని ట్యాగులంటారు. 2019లో, అందరి ఫోన్లలో మోగాలని, అన్నిటినీ ఎంపీత్రీలోకి మార్చాను. ట్యాగులు ఉంచమనే గడిలో టిక్కు పెట్టలేదు. పాటలు వచ్చాయి, పేర్లు రాలేదు. నా బుద్ధి గడ్డి తిని, మోగుతున్నాయి కదా అని పాత ఫైళ్లు తుడిచేశాను. బూజు పట్టిన క్యాసెట్లను అంతకుముందే పారేశాను.

తర్వాత నాలుగేళ్లు ఒక్కడినే కూర్చుని, గొంతులు పోల్చుకుంటూ మళ్లీ పేర్లు రాశాను. కామమ్మ ప్రతి చరణానికీ ముందు గొంతు సవరించుకుంటుంది. ఆదిశేషమ్మ చివరి మాట మింగేస్తుంది. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ల పేర్లు పైకి పలుకుతూ టైపు చేసేవాణ్ణి, ఇంట్లో ఇంకో మనిషి మాట వినపడక.

అమ్మా అబిగయీలూ, రేపు ఏ కొత్త రకం ఫైల్లోకి మార్చినా ముందు ఒక్క పాట మార్చు. తెరిచి, పేరు వచ్చిందో లేదో చూడు. పాతవి తుడవకు. పేర్లన్నీ నోటుబుక్కులో కూడా రాసి బీరువాలో పెట్టాను.

4. జయశీల ఉన్ని శాలువా ఆమె చెల్లెలు డెబోరాకు చెందాలి. 1998 డిసెంబరులో రామతీర్థంలో రికార్డు చేస్తుంటే సముద్రపు గాలి మైకులో పడుతోందని జయశీల అది తీసి మైకుకు చుట్టింది. చలికి వణుకుతూ కూర్చుంది. నేను శబ్దం కొలిచే మీటరు చూసుకుంటూ ఉన్నాను.

5. ఆ రోజు రికార్డు చేసిన 212వ పాటను కూడా డెబోరాకే రాస్తున్నాను. అన్నిటికీ పేర్లు దొరికాయి, దీనికి దొరకలేదు. పాడింది ఒక్క గొంతు. ఆ రోజు అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చారు, ఇద్దరివీ ఒకటే గొంతులు. అది నా భార్యదో, మరదలిదో నాకు తెలియడం లేదు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

జయశీలను సమాధి చేసిన రోజు డెబోరా అందరి ముందూ, "మా అక్క మాట నువ్వెప్పుడన్నా విన్నావా బావా? నీ మిషను కదా విన్నింది" అనింది. ఆ మాటకు తొమ్మిదేళ్లు నేను ఆమె గడప తొక్కలేదు. ఆమె ఉండేది మూడు వీధుల అవతల. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆమె అన్నది నిజం. ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసిన మనిషి గొంతు పోల్చుకోలేకపోయాను. నాకు సిగ్గుగా ఉంది.

వీలునామాలో ఎవరికైనా ఏదైనా రాస్తే వాళ్లను సాక్షిగా పెట్టకూడదట. డెబోరాను పిలవకుండా ఉండడానికి ఆ సాకు దొరికింది. పిలిచి ఉండవలసింది.

6. పై నాలుగు, ఐదు అంశాలు నా మరణానంతరం కాదు, రేపే అమలు కావాలి. పరంజ్యోతి గారు శాలువా, పాట ఉన్న పెన్ డ్రైవు, ఈ కాగితం నకలు డెబోరాకు అందజేయాలి. డెబోరా, ఎవరి గొంతైతే వాళ్ల పేరు రాయి. టైపు చేయడం రాకపోతే ఇక్కడికి రా. నేను ఇంట్లోనే ఉంటాను.

18 నవంబరు 2024, విడవలూరు
(సంతకం) దారా గిద్యోను

సాక్షులు:
హజరత్తయ్య, టీ కొట్టు
వెంకటేష్, సెల్ రిపేరు షాపు