నెత్తళ్ళ పందిళ్ళు తీయను

మత్స్యశాఖ అధికారి గారికి,

నా సరుగుడు తోటలో చేపలు ఎండబెట్టే వల పందిళ్ళను సోమవారంలోగా తొలగించాలని మీరు పంపిన నోటీసు అందింది. నేను తొలగించను.

అవి నా పట్టా భూమిలో ఉన్నాయి. గుంజలకు పాత వలలు కట్టి, పన్నెండు మంది ఆడవాళ్ళు వాటిపై నెత్తళ్ళు ఆరబోసుకుంటున్నారు. కింది నుంచి కూడా గాలి తగులుతుంది కనుక చేప చక్కగా ఎండుతుంది. వారు మీ సాయం కోరలేదు. అయినా మీరు పక్కనే చేపలు ఆరబోయడానికని సిమెంటు చప్టా కట్టించి, దానికొక ఆర్చి నిలబెట్టి, ప్రారంభోత్సవం జరిపించారు. ఇప్పుడు రెండో చప్టాకు పునాది తవ్విస్తున్నారు.

"ఇది చప్టా కాదు సారూ, పెనం! నెత్తళ్ళు ఏసినామంటే ఎండేదానికి ముందే ఉడికి అంటుకుపోతుండాయి" అని ఆ ఆడవాళ్ళలో ఒకరైన కాటమ్మ మీ ఇంజనీరుతో నా ఎదుటే చెప్పింది.

"కట్టింది వాడకపోతే ఆడిట్‌లో మేమేం చెప్పేది? పందిళ్ళు పీకేస్తే అందరూ దీనిమీదికే వస్తార్లే" అన్నారాయన.

ప్రజల సొమ్ముతో పనికిరానిది కట్టి, ఆ సంగతి బయటపడకుండా పనికొచ్చేదాన్ని నిషేధించడమా పరిపాలన? నేను కాలేజీలో చదివిన అర్థశాస్త్రంలో దీనికి వేరే పేరుంది; మర్యాద కోసం రాయడం లేదు. పందిళ్ళు పోతే చేప పాడై, ఈ నెల వేటంతా కారుచౌకగా కోళ్ళ మేతకు పోతుంది.

ఏనాడూ ప్రభుత్వాన్ని పింఛను సైతం అడగని నేను ఇప్పుడొకటి అడుగుతున్నాను. సోమవారం మిట్టమధ్యాహ్నం రండి. చెప్పులు విడిచి, మీ చప్టా మీద నిలబడి, మీ నోటీసును పైకి చదవండి. చివరి పంక్తి దాకా కదలకుండా చదవగలిగితే, గుంజలు నేనే పీకిస్తాను.

ఇట్లు,
తోట యజమానురాలు