నడుముకి కట్టిన తాడు

అక్కా,

ఫోన్ చేస్తే బావ పక్కనే ఉంటాడని నీ ఆఫీసు చిరునామాకి రాస్తున్నాను.

మొన్నటి మ్యాచ్‌లో ఐదు గోల్స్ తిన్నాం. మా డిఫెన్స్ జల్లెడలా ఉందని పేపర్లన్నీ దుమ్మెత్తి పోశాయి. నేనేమో తప్పంతా గోల్‌కీపర్‌దేనని నోరు పారేసుకున్నాను. మైదానంలో బావ నాకు బావ కాదు, కోచే. ఈ ఉదయం ఒక తాడు తెచ్చి, వెనక ఆడే మా నలుగురి నడుములకీ వరసగా కట్టాడు. నలుగురం ఒక్కసారే కదలాలి. ఎవరు వెనకబడితే వాళ్ల దగ్గర తాడు బిగుస్తుంది.

ప్రతిసారీ నా దగ్గరే బిగిసింది.

బావ వచ్చి తన చేత్తోనే నా ముడి విప్పాడు. "నువ్వు కాసేపు బయట కూర్చోరా" అన్నాడు. నా చోట ఇంకొకణ్ణి కట్టాడు. నువ్వు నమ్మవు, ఆ తాడు మళ్లీ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు! పదేళ్లుగా ఈ జట్టుకి నేనే గోడనని విర్రవీగినవాణ్ణి, నోరు వెళ్లబెట్టి చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం బోర్డు మీద పెట్టిన జట్టులో నా పేరు లేదు.

మోకాలి నొప్పి సంగతి నీకొక్కదానికే చెప్పాను. బావకి చెప్పనని ఒట్టేశావు. నువ్వు చెప్పేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకుంటాను. చెప్పకపోతే మాత్రం, నేను కుంటుతుంటే ఆయన కళ్లారా చూశాడన్నమాట. ఆయన చూశాడంటే అందరూ చూసినట్టే.

వెంటనే జవాబు రాయి. "నేనే చెప్పాను" అని రాయి. అబద్ధమైనా సరే.

నీ తమ్ముడు