తెగులు మడిని దున్నించవద్దని మనవి

పరిశోధన కేంద్రం సంచాలకుల వారి సముఖమునకు, తెగుళ్ళ విభాగం సహాయ పరిశోధకుడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గేటు పక్కనున్న ఖర్బూజా తెగులు మడిని సోమవారం దున్నించవలెనన్న ఉత్తరువు రద్దు చేయుట గురించి.

1. సదరు మడి "అసహ్యంగా ఉన్నది, తనిఖీకి వచ్చేవారి కంట పడరాదు" అని తమరు సెలవిచ్చారు. అసహ్యంగా ఉండడమే దాని ఉద్యోగమని మనవి. బూడిద తెగులు పట్టిన ఆకులు తెచ్చి ప్రతి మొక్క మీదా నేనే దులిపాను. ఏది చస్తుందో, ఏది తట్టుకుంటుందో తేలడానికి అదే దారి. మందు కొట్టి బతికించడం ఎవరైనా చేస్తారు. మందు లేకుండా బతికే మొక్కను వెతకడానికే కదా మనకీ కేంద్రం?

2. నిరుడు తనిఖీకి ముందు, నేను వద్దని మొత్తుకుంటున్నా, తోటపని విభాగం వారు ఈ మడికి మందు కొట్టారు. తీగలన్నీ పచ్చగా చిగిర్చాయి. "అన్ని రకాలూ తెగులును తట్టుకున్నవి" అని నివేదిక వెళ్ళింది. ఆ విత్తనమే రైతులకు పంచారు. వేసినవారిలో మా అక్క ఒకతె. చేను సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాక ఫోను చేసింది: "ఏరా తమ్ముడూ, తెగులు మీ ఆఫీసరుగారికి భయపడి అక్కడ రాలేదేమో. మేమంటే దానికి లెక్కలేదు మరి!" దీనికి జవాబు చెప్పవలసినది నేనా, తమరా?

3. ఈసారి మడిలో ఒక్క మొక్క నిలిచింది. రోడ్డువార ముళ్ళకంచెలో దొరికిన అడవి రకం. చుట్టూ అన్నీ మాడిపోయినా దీని ఆకు మీద మచ్చ లేదు. తెచ్చిన గింజల్లో మొలిచింది ఇదొక్కటే. తియ్యరకం పుప్పొడి అద్ది, పూలకు సంచులు కట్టి కాయలు నిలబెట్టాను. అవి తీగ మీదే పండాలి. ఇప్పుడు కోస్తే గింజలో పప్పుండదు, తాలే.

4. మన కేంద్రంలో రకాలను ఎంపిక చేసే కమిటీ సభ్యులొకరు అందులో ఒక కాయ కోసి కొరికి, "థూ, విషంలా ఉందయ్యా! దీన్నా నువ్వు కాపాడమనేది?" అన్నారు. "మిమ్మల్ని తినమనలేదండీ, సంబంధం కలుపుకుంటున్నాం. రుచి ఆ ఇంట్లో ఉంది, సత్తువ ఈ ఇంట్లో ఉంది. పిల్లల్లో రెండూ కలవకపోతే మనవల్లో చూసుకుంటాం" అన్నాను. వారు నవ్వలేదు. "పనికిరాదు" అని రాసుకున్నారు.

5. నన్ను "ఉద్యమాలవాడు" అంటున్నారు. అవును. వారం వారం మందు డబ్బా వీపున కట్టుకుని దగ్గేది తనిఖీవారు కాదు, మా అక్కలాంటి వాళ్ళు. రోగం కనపడకపోతే రోగమే లేదనే అలవాటు ఖర్బూజాతో ఆగదండీ. మన ఆఫీసు గోడకు చెమ్మ పడితే సున్నం వేయించి ఊరుకున్నదీ ఆ అలవాటే.

కావున మడి జోలికి పోవద్దని, అది కుదరనిచో కనీసం ఆ ఒక్క తీగను వదలమని ఉత్తరువు ఇప్పించవలెనని నా గోడు చిత్తగించవలెను. అడ్డంగా పరదా కట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ ఒక్క విషయంలో తప్ప,
తమ విధేయుడు,
సహాయ పరిశోధకుడు

తా.క.: సోమవారం అన్న ట్రాక్టరు శనివారమే వచ్చింది. అందుకే శుభ్రప్రతి కుదరలేదు. తీగ పక్కన నేల మీద కూర్చుని రాస్తున్నాను. డ్రైవరు "లేవండి సార్, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. "లేస్తే నాది ఉండీ దండగ" అన్నాను. కాసేపు నన్నూ కాయల్నీ మార్చి మార్చి చూసి ఇంజను ఆపేశాడు.

"ఎన్నాళ్ళకి పండుతాయి?"

"ఇంకో మూడు వారాలు."

"అయితే గొడుగు తెప్పించుకోండి."

తెప్పించుకున్నాను. తమ జవాబు ఇక్కడికే పంపగలరు.