బురదపలకకు కొత్త పట్టీ

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ప్రార్థన చేసుకుని, బురద మీద జారుతూ పోయే నీ బురదపలక బాగుచేయడానికి కూర్చున్నాను. పోయిన నెల దాకా గోడకు ఆనించే ఉంచాం. ఈ నెల నుంచి నీ కూతురు రాజమ్మ దాని మీద గుల్లలు ఏరడానికి వెళ్తోంది.

ఒక మోకాలు పలక మీద ఆనించి రెండో కాలితో బురదను తోసేటప్పుడు, మీదున్న పాదం జారకుండా పట్టేది తోలుపట్టీయే కదా. పాతది కుళ్ళిపోతే, రాజమ్మ మొదటిసారి వెళ్ళేముందు కొత్తది నేనే కొట్టాను. దాని పాదం పట్టీకి అందలేదు. మొన్న హుటాన్ మెలింటాంగ్ దగ్గర, నది సముద్రంలో కలిసే మొగలో, పోటు మొదలయ్యే వేళకు జారి నడుంలోతు బురదలో పడింది. మలాయి జాలరులు లాగి ఒడ్డుకు చేర్చారు.

ఇంటికొచ్చి నవ్వింది. "ఏటత్తా, మా అయ్య కాలికి కొట్టినావా, నా కాలికా?"

నీ మేకుల బెజ్జాల్లోనే కొట్టాను. పిల్ల కాలు కొలవాలని తోచలేదు.

ఇవాళ మేకులు పీకి, రాజమ్మను పలక మీద మోకాలు ఆనించి కూర్చోబెట్టి, పాదం దగ్గర గీత గీశాను. పట్టీ జానెడు ముందుకొచ్చింది. పాత బెజ్జాల్లో చెక్కముక్కలు దిగ్గొట్టి, నీరు దిగకుండా గుగ్గిలం పూశాను.

రాజమ్మ మధ్యాహ్నం ఆటుకు వెళ్ళి, నీళ్ళు ఎక్కకముందే గుల్లల బుట్టతో తిరిగొచ్చింది. నీకు చెప్పాలనుకున్నది అదే.

పెద్దక్క