బ్లాస్టింగ్ వేళకు హైతీ మేడమ్

మంగళవారం, పడుకునే ముందు

ఎంత తిక్కదాన్ని! నా పీహెచ్‌డీ అంతా హైతీ దేశపు రచయిత్రి, నేను హైతీ మేడమ్ అని పిలుచుకునే ఆమె నవలల మీదే. అలాంటిది, ఆమెతో మొదటి వీడియో కాల్ సరిగ్గా మా ఊరి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ చేసే వేళకు పెట్టుకున్నాను.

పారిస్‌లో పాఠాలు చెప్పుకుంటూ, నవలలు మాత్రం హైతీ గురించే ఎందుకు రాస్తారని అడిగాను. "వదిలేసి వచ్చాను కదా, అందుకే," అని ఆమె నవ్వుతుండగానే మా ఇల్లు ధన్‌మని అదిరింది. తెరమీద మేడమ్ రెండు చేతులా బల్ల పట్టుకున్నారు. హైతీ భూకంపంలో ఆమె ఇల్లు కూలింది. దాని మీద నేను ఒక అధ్యాయమే రాశాను, అయినా ముందే చెప్పాలని తోచలేదు.

చాయ్ తెచ్చిన అమ్మ నా వెనకనుంచి తెరవైపు వంగి, "ఏం కాలే బిడ్డా, బొగ్గు కోసం పేలుస్తున్నరు. భయపడకు," అంది తెలుగులోనే. ఏం అర్థమైందో, మేడమ్ బల్ల వదిలారు. మాకిది అలవాటేనని నేను ఇంగ్లీషులో సర్దిచెప్పాను.

కాల్ అయ్యాక అమ్మకూ అదే చెప్పాను.

"నీకు అలవాటేమో. నాకు ఎన్నడు కాలే. గా టైముకు నీ పక్కన లేకుంటే నాకు నిమ్మళం ఉండదు."

రోజూ ఆ వేళకే, అడగకుండానే వచ్చే చాయ్ గురించి నేనెన్నడూ ఆలోచించలేదు.