పదిహేడు ఫోన్లు

ప్రియమైన గడుగ్గాయికి,

నువ్వు పంపిన ఫారాలు నింపి ఈ ఉత్తరంతో పెట్టాను. పదిహేడు చికిత్సా కేంద్రాలకీ ఫోన్ చేశాను. "మా అబ్బాయి నొప్పి మాత్రలకి అలవాటు పడిపోయాడండీ, మాన్పించే మందు ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడగడం, ఎన్ని రోజులు ఆగమన్నారో రాయడం. లేని కొడుక్కి మందు అడగడానికి నాకంటే అనుభవజ్ఞుడు నీ పరిశోధనకి దొరకడులే.

తొమ్మిది చోట్ల నెల పైనే అన్నారు. ఒకచోట ఆగమని పాట పెట్టారు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి, నిమిషాలు వాటంతటవే లెక్కకొస్తాయి: ఇరవై ఆరు. పాడినావిడకి కూడా చివర్లో విసుగొచ్చినట్టే ఉంది పాపం. ఇంకోచోట ఓ పెద్దమనిషి, "అంతవరకూ అబ్బాయిని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. ఎలాగో అడుగుదామనుకున్నాను. ఫారంలో ఆ గడి లేదు.

చిట్టచివరి ఫోన్లో ఓ పొరపాటు జరిగింది. నువ్విచ్చిన దొంగపేరు బదులు, నోరు జారి మావాడి, అదే మీ బావ పేరూ పుట్టినరోజూ చెప్పేశాను. అవతల ఆవిడ కంప్యూటర్లో వెతికింది. "ఈయన పేరు మా దగ్గర ఉందండీ. నాలుగేళ్ల కిందట చనిపోయినట్టు రాసుంది. మీరెవరు?" అంది. ఫోన్ పెట్టేశాను.

అయినా వాడి పేరు అక్కడెందుకుంటుంది? మానాలన్న ఆలోచనే వాడికి లేదని ఇన్నాళ్లూ నలుగురికీ చెబుతూ వచ్చాను. కనుక్కోగలవా?

ఆశీస్సులతో,
మామయ్య

మామయ్యా,

ముందు తిట్లు. దొంగపేరు ఫారం మీద అంతంత అక్షరాలతో రాశాను కదా! కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటున్నావా మళ్లీ?

ఇక కూర్చుని చదువు. బంధువునని దరఖాస్తు పెట్టి రికార్డు తెప్పించాను. బావ ఒక్కడే వెళ్లి తన పేరు రాయించుకున్నాడు. నలభై ఒక్క రోజులు ఎదురుచూశాడు. ప్రతి సోమవారం వెళ్లి, తన వంతు ఎంతవరకు వచ్చిందని అడిగేవాడట; చివరికి, ఇక రావద్దు, వంతు రాగానే మేమే ఫోన్ చేస్తామన్నారట. వంతు వచ్చిన రోజు ఉదయం పదకొండింటికి ఫోన్ చేశారు. దాని ఎదురుగా ఇలా ఉంది: "తండ్రి ఎత్తారు. చనిపోయాడని చెప్పారు. పేరు తీసేశాం."

ఆ తేదీ బావ పోవడానికి పందొమ్మిది రోజుల ముందుది, మామయ్యా! ఇంకెవరి సంగతో బావ పేరు ఎదురుగా రాసేశారు. ఆ చోటు మరొకరికి ఇచ్చేశారు. "నాకలాంటి ఫోన్ రాలేదు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపు. వాళ్లని వదలను.

నీ మేనకోడలు

గడుగ్గాయీ,

సంతకం పెట్టలేను. వాళ్లు రాసింది నిజం.

వాడి ఫోన్ నేనే లాక్కుని నా దగ్గర పెట్టుకున్నాను. మాత్రలు అమ్మేవాళ్లు దానికే చేసేవాళ్లు. పేరు చెప్పరు, ఊరు చెప్పరు, "ఆయన ఉన్నారా?" అంటారు. ఆ రోజు ఆవిడా అంతే. "వాళ్ల నాన్నని, ఎవరమ్మా నువ్వు?" అన్నాను. "అది ఆయనకే చెప్పాలండీ" అంది. పేషెంటు పరువు పోకూడదని, ఎక్కణ్ణుంచి చేస్తున్నారో ఇంట్లోవాళ్లకి చెప్పకూడదట. ఆ రూలు మొన్న నీ కాగితాల్లోనే చదివాను. అప్పుడు నాకేం తెలుసు? "వాడు చచ్చాడు, ఇంక చెయ్యకు" అన్నాను. మహా తెలివిగా వదిలించుకున్నాననుకున్నాను.

వాడు పక్కగదిలో గడ్డం గీసుకుంటున్నాడు. "ఎవరు నాన్నా?" అన్నాడు. "ఎవరూ కాదు" అన్నాను.

నేను పెట్టేసేముందు ఫోన్లో ఆవిడ "అయ్యో" అంది. మాత్రలు అమ్ముకునేవాళ్లు అయ్యో అనరు. ఈ సంగతి వాడు పోయిన నెలకి, ఓ గడియారం విప్పుకుని కూర్చున్నప్పుడు తట్టింది. అప్పట్నుంచీ ఆ అయ్యో ఈ ఇంట్లోనే ఉంటోంది. భోజనానికి కూర్చుంటే ఎదురుగా కూర్చుంటుంది.

ఇంకో మాట. నా నోరు జారలేదు. నీ ఫోన్లు నేను చేస్తానని వెంటపడ్డది ఆ అయ్యో ఎక్కడిదో తెలుసుకుందామనే. పదిహేడు చోట్లా వాడి పేరే చెప్పాను. పదహారు చోట్ల "ఆ పేరు లేదండీ, కొత్తగా రాసుకుంటాం" అంటుంటే ప్రాణం లేచొచ్చేది. నీ ఫారాలన్నీ పాడుచేశాను. చింపెయ్. నువ్విచ్చిన పేరుతోనే మళ్లీ మొదట్నుంచీ చేస్తాను. ఆ రూలు సంగతి మాత్రం నీ నివేదికలో రాయి. ఫోన్ ఎత్తే తండ్రులు ఇంకా ఉన్నారు.

ఆ ఒక్క చోటికి వేరెవరిచేతనైనా చేయించు. "మీరెవరు?" అన్నాక, నేను పెట్టేసేలోపు, ఆవిడ గొంతు తగ్గించి ఇంకో మాట అంది: "మీరు వాళ్ల నాన్నగారు కదూ?"

మామయ్య