కొత్త కంపైలర్, పాత అల్లుడు

ప్రియమైన బాబుకి,

ఆశీస్సులు. కాగితం ముందు పెట్టుకుని నిన్ను ఏమని పిలవాలా అని చాలాసేపు కూర్చున్నాను. "అల్లుడుగారికి" అని రాసి కొట్టేశాను. విడాకులయ్యాక ఆ మాట చెల్లుతుందో లేదో ఎవరినడగను?

పనిబడి రాస్తున్నాను. దుకాణంలో పాత కంప్యూటర్ పోయింది. కళ్ళద్దాలు అరగదీసే యంత్రం దాని మీదే కదా నడిచేది! కొత్తది కొన్నాను. నువ్వు ఇక్కడున్నప్పుడు పెట్టిన ఉచిత ప్రోగ్రామ్‌నే ఇంటర్నెట్ నుంచి మళ్ళీ దింపుకుని, నువ్వు నేర్పినట్టే కంపైల్ చెయ్యబోయాను. సగంలో ఆగిపోయి ఎర్రక్షరాలు చూపిస్తోంది. కంప్యూటర్ అమ్మినాయన్ని పిలిస్తే, "మేం అమ్మే ప్రోగ్రామైతే చూసేవాణ్ణండీ, ఇదేంటో నాకు తెలీదు" అని చేతులెత్తేశాడు. ఆ ఎర్ర లైను ఉన్నదున్నట్టు వేరే కాగితం మీద రాసి జతచేశాను, చూడు.

ఫోన్ చేద్దామంటే ఈ ఇంగ్లీషు ముక్కలు నోటితో చెప్పలేను. పైగా అమ్మాయి పక్కనే ఉంటుంది. తను బాగానే ఉంది. ఈ ఉత్తరం సంగతి తనకి తెలీదు.

బస్సు డ్రైవరొకాయన రోజూ వచ్చి "నా అద్దాలయ్యాయా?" అని అడిగి పోతున్నాడు. పాత జోడు పగిలింది. అద్దాలు లేకుండా డ్యూటీ ఎక్కనివ్వడం లేదట. ఇంకెక్కడైనా చేయించుకోమందామంటే ఆయనది మామూలు పవర్ కాదు. వీలు చూసుకుని జవాబు రాయి.

ఉంటాను,
కళ్ళద్దాల మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

నమస్కారాలు. నాకు ఇంకో పిలుపు నోటికి రాదు, ఏమీ అనుకోకండి.

మీరు రాసి పంపిన లైనులో చుక్క కూడా తప్పలేదు. లోపం మీ దగ్గర లేదు. మనుషులు రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్ అని చెప్పాను కదా. ఈ ప్రోగ్రామ్ రాసినవాళ్ళు దాన్ని పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది. పాత కంపైలర్ చూసీచూడనట్టు వదిలేసిన పొరపాట్లను కొత్త కంపైలర్ పట్టుకుని, కదలనని మొరాయిస్తోంది. అలాగని కొత్తదాన్ని తీసెయ్యకండి, కంప్యూటర్‌లో మిగతావాటికి అది కావాలి. దాని పక్కనే పాత కంపైలర్, అంటే తొమ్మిదో వెర్షన్ కూడా పెట్టుకుని, ఈ పనికి తొమ్మిదోదాన్నే వాడమని చెప్పాలి. ఏ లైన్లు కొట్టాలో చివర్లో విడివిడిగా రాశాను. ఖాళీ ఉన్నచోట ఖాళీ ఉండాల్సిందే.

నేను బాగానే ఉన్నాను. టైర్ల షాపు పైన ఒక గది. సాయంత్రం తలుపు తీస్తే పొద్దున కాఫీ తాగిన కప్పు పెట్టినచోటే ఉంటుంది. చేత్తో రాసిన కవరు చూసి ఇంటాయన "ఎవరు రాశారండీ?" అనడిగాడు. "మా మామగారు" అన్నాను. "మీకు పెళ్ళయిందా!" అని నోరు తెరిచాడు. కవరు జేబులో పెట్టుకుని మెట్లెక్కేశాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ విధేయుడు

*

ప్రియమైన బాబుకి,

నువ్వు చెప్పినట్టే తొమ్మిదోది పెట్టాను. నీ వెర్షన్ ఎంత అనడిగితే బుద్ధిగా తొమ్మిదనే చెబుతోంది. తీరా కంపైల్ చేస్తే మళ్ళీ అదే ఎర్ర లైను, పొల్లుపోకుండా! తిక్కరేగి స్విచ్చి ఆపేసి బయటికొచ్చి నుంచున్నాను. సరిగ్గా అప్పుడే డ్రైవరు ఎదురుపడ్డాడు. పాపం, ఈసారి ఏమీ అడగలేదు. అదింకా కష్టంగా ఉంది.

ఈమధ్య దుకాణం కట్టేశాక కూడా అక్కడే కూర్చుంటున్నాను. ఇంట్లో అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఉంటుంది, నవ్వుతూ ఉంటుంది. నేను వెళ్తే గొంతు తగ్గిస్తుంది. మీ అత్తయ్య బతికుంటే ఇలాంటివన్నీ తనే చూసుకునేది.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. ముందు ఈ గొడవ తేలనీ.

మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

ప్రోగ్రామ్ ఉన్నచోటే "బిల్డ్" అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మొదటిసారి ఏ కంపైలర్ దొరికిందో అందులో రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత మనం ఎంత మొత్తుకున్నా వినదు. ఆ ఫోల్డర్‌ని పూర్తిగా తీసేసి మొదటినుంచి చెయ్యండి. "సోర్స్" అని ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి, అసలు ప్రోగ్రామ్ అదే. చివర్లో ముక్కలన్నీ అతికేచోట ఆగిందంటే, లైబ్రరీని, అంటే ఈ ప్రోగ్రామ్ అరువు తెచ్చుకుని వాడుకునే ముక్కల్ని కూడా తొమ్మిదోదాంతోనే మళ్ళీ కంపైల్ చెయ్యాలన్నమాట. కొన్ని ఒక వెర్షన్‌తోను, కొన్ని ఇంకో వెర్షన్‌తోను చేస్తే అతకవు. ఆ లైన్లు కూడా రాశాను.

చెప్పాలనుకున్నది ఎప్పుడు వీలైతే అప్పుడే చెప్పండి. నాకు తొందరేం లేదు.

ఉంటానండి.

*

ప్రియమైన బాబుకి,

జవాబు బాగా ఆలస్యమైంది. వానలని రాద్దామనుకున్నాను కానీ, వానలు కారణం కాదు.

యంత్రం నడిచింది! నువ్వన్నట్టే అతికేచోట ఆగింది, లైబ్రరీ చేశాక ముందుకు సాగింది. డ్రైవరు కొత్త అద్దాలు పెట్టుకుని ఎదురు షాపు బోర్డు చదివాడు, గోడ మీద క్యాలెండర్ చదివాడు, ఇటు తిరిగి నన్ను చూసి "మీరింత పెద్దవారా!" అన్నాడు. నవ్వుకున్నాం. మర్నాడే డ్యూటీ ఎక్కాడు.

ఇక ఆ సంగతి. అమ్మాయి మళ్ళీ పెళ్ళి చేసుకుంటోంది. తను పనిచేసే ఆస్పత్రిలోనే ఎక్స్‌రేలు తీసే అతను. సంతకాల పెళ్ళే, వచ్చే నెల. మొదటి ఉత్తరంలోనే రాద్దామని కూర్చుని కంప్యూటర్ గురించి రాశాను. రెండోసారీ అంతే. నీకెవరో చెప్పేకన్నా నేను చెబితే బాగుంటుందని తెలుసు, చెయ్యి సాగలేదు.

అతను మొన్న దుకాణానికొచ్చాడు. నేను యంత్రం దగ్గర వంగి ఉన్నాను. వెనక నుంచి "ఇదెలా నడుస్తుంది మామయ్యగారూ?" అని వినపడింది. నువ్వొచ్చావనుకుని చటుక్కున తిరిగాను. నా మొహంలో ఏం కనిపించిందో, పాపం, ఒకడుగు వెనక్కి వేశాడు. మంచివాడే. అతని తప్పేముంది?

ఇదంతా తెలిశాక నీకు నా ఉత్తరాలు ఇష్టముంటాయో ఉండవో. మానెయ్యమంటే మానేస్తాను. మొహమాటపడకు.

మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

పెళ్ళి సంగతి నాకు తెలుసు. మీ మొదటి ఉత్తరం రాకముందే తను ఫోన్ చేసింది. "నీకు వేరేవాళ్ళ నోట తెలియడం నాకిష్టం లేదు. నాన్న మాత్రం నీకెలా చెప్పాలా అని నలిగిపోతున్నారు" అంది. తర్వాత మీ కవరు వచ్చింది. అదే అయ్యుంటుందని ఒక పూటంతా విప్పలేదు. విప్పితే కంపైలరు! చాలా రోజులకి గట్టిగా నవ్వాను. ఖాళీ గదిలో ఆ నవ్వు నాకే వింతగా వినపడింది.

నిజానికి ఇంటర్నెట్ ద్వారా ఇక్కణ్ణుంచే మీ కంప్యూటర్‌లోకి వచ్చి ఆ పూటే సరిచేసి ఉండొచ్చు. ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే మీరు ఇంకో ఉత్తరం రాసేవారు కాదు. డ్రైవరుగారు అన్ని రోజులు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది, అది మాత్రం బాధగా ఉంది.

కవరులో పెన్‌డ్రైవ్ పెట్టాను. ప్రోగ్రామ్, తొమ్మిదో కంపైలర్, లైబ్రరీలు అన్నీ ఒక్కచోట కట్టేశాను. రేపు ఏ కంప్యూటర్ కొన్నా, ఎన్ని కొత్త వెర్షన్లు వచ్చినా దీనికేమీ కాదు. ఇక ఎవరినీ అడగాల్సిన పనుండదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చేసి చూపించండి. ఎలా నడుస్తుందని అడిగినవాడు తప్పకుండా నేర్చుకుంటాడు. ఈసారి పిలిస్తే కాస్త నవ్వుతూ తిరగండి.

ఉత్తరాలు మానొద్దు. బాగానే ఉన్నానని రాస్తూ వచ్చాను, అంత బాగా ఏం లేను. దుకాణానికి ఎవరొచ్చారు, ఎవరికి చూపెంత తగ్గింది, మీరు వేళకి తింటున్నారా, ఇలాంటివే రాయండి. వీలైతే శనివారానికి అందేలా వెయ్యండి. ఆదివారం ఇక్కడ మనిషి గొంతు వినపడదు.

ఎదురు చూస్తుంటాను,
మీవాడు